రాతిమీద గుర్రం, తోటలో గుర్రం

1956లో నేను అమలాపురంలో ఒక లిథో ప్రెస్సులో రాళ్ళగది మనిషిని. అప్పటికి ఆ పనిలో పద్దెనిమిదేళ్ళు నిండాయి. ప్రెస్సు కాలవగట్టు దారిలో కొబ్బరి గోడౌన్ల వెనక ఉండేది. ముందుగదిలో శుభలేఖలూ నాటకాల కరపత్రాలూ అచ్చయ్యేవి. వెనకగదిలో లిథో మిషను, గోడవార చెక్క అరల్లో నిలబెట్టిన రాళ్ళు. ఆ గదికి రాజునీ నేనే, బంటునీ నేనే.

లిథో అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. రాతిమీద బొమ్మ గీసి అచ్చువేయడం. జర్మనీ నుంచి ఓడల్లో వచ్చిన సున్నపురాయి అది, చెయ్యి వేస్తే జారిపోయేంత నున్నగా ఉంటుంది. దానిమీద జిడ్డు సిరాతో గీస్తాం. తరవాత రాయిని తడిపి రోలరుతో సిరా పూస్తే తడి ఉన్నచోట అంటదు, జిడ్డు గీతనే పట్టుకుంటుంది. పైన కాగితం వేసి నొక్కితే బొమ్మ దిగుతుంది. అయితే దిగేటప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అందుకని రాతిమీద అంతా తిరగేసి గీయాలి. అక్షరాలు కూడా అద్దంలో కనబడేలా, కుడినుంచి ఎడమకి రాయాలి. మేం దీన్ని రివర్స్ అనేవాళ్ళం.

చేరిన కొత్తలో అద్దం పక్కన పెట్టుకుని గీసేవాణ్ణి. రెండేళ్ళకి అద్దం అక్కర్లేకపోయింది. అయిదేళ్ళకి నాకు తిరగేసినదే సరైనదిగా కనబడటం మొదలైంది. మా ఆవిడ పుట్టింటికి రాయించిన కార్డు మీద ఒకసారి అడ్రసంతా తిరగేసి రాసి డబ్బాలో వేశాను. పోస్ట్‌మాన్ దాన్ని తెచ్చి, "ఏవండీ, ఇది ఏ దేశపు భాషండీ?" అని అడిగాడు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, లోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఆ నవ్వులో ఉన్న హెచ్చరిక నాకు తెలియలేదు.

మా ప్రెస్సుకి పేరు తెచ్చింది భీమేశ్వరరావు గారు. ద్రాక్షారామం వారు, కొత్తపేటలో అద్దె ఇంట్లో ఉండేవారు. దుకాణాల బోర్డులూ బళ్ళమీద పేర్లూ రాసుకునే మనిషి. ఆయన 'చుక్కల గుర్రం' అని ఒక బొమ్మల కథ మొదలుపెట్టారు. పేజీకి ఆరు గళ్ళు, గడిలో బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కల మాట. ఒంటినిండా చుక్కలున్న గుర్రం ఒకటి ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని మబ్బుల్లో కొండ చుట్టూ తిరుగుతుంటుంది. రెండణాల పుస్తకం. ముమ్మిడివరం నుంచి రాజోలు దాకా కిళ్ళీకొట్లలో తాడుకి వేలాడేది. నెల మొదట్లో బస్సు దిగీదిగకముందే పిల్లలు కట్టలమీద పడేవారు.

ఆయన కాగితం మీద గీసి ఇస్తే నేను రాతిమీదకి ఎక్కించేవాణ్ణి. గీత బంగారంగానీ మనిషికి పరాకు ఎక్కువ. ఒక గడిలో గుర్రానికి అయిదు కాళ్ళు వేసేవారు. ఒక గడిలో పిల్లవాడి చొక్కా చినిగి ఉంటే పక్కగడిలో అదే చొక్కా కొత్తగా ఉండేది. అవన్నీ నేను రాతిమీద సర్దేసేవాణ్ణి. అచ్చయిన పుస్తకం చూసుకుని ఆయన ఏమీ అనేవారు కాదు, నేనూ ఏమీ అనేవాణ్ణి కాదు.

ప్రెస్సు యజమానిని ఊళ్ళో అందరూ రాజుగారనే పిలిచేవారు. కొబ్బరీ కొబ్బరిపీచూ ఎగుమతి చేసే పెద్ద వ్యాపారి. మద్రాసులో ఎగ్జిబిషన్ చూసొచ్చాక ఆయనకొక ఆలోచన పట్టుకుంది. పిల్లలు పుస్తకం కోసమే ఇంత కొట్టుకుంటున్నారే, పుస్తకంలో ఉన్నదంతా నేలమీద కట్టిస్తే? కాలవ పక్కన తనకున్న నాలుగెకరాల్లో 'బొమ్మలతోట' మొదలుపెట్టారు. తిమింగలం నోట్లోంచి లోపలికి వెళ్ళాలి. ఏనుగు తొండం మీంచి జారాలి. అన్నిటికీ నడుమ పన్నెండు చుక్కల గుర్రాలతో రంగులరాట్నం, అదీ మనుషులు తోసేది కాదు, ఆయిల్ ఇంజనుతో తిరిగేది. తరవాత్తరవాత కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి మరీ జనం వచ్చేంత పేరొచ్చింది ఆ తోటకి. నేను చెప్పేది ఆ పేరు రాకముందు మాట.

ఈ తోటమీదే భీమేశ్వరరావు గారి బతుకు ఆధారపడింది. తోట తెరిచాక అందులో రంగులూ బొమ్మలూ శాశ్వతంగా ఆయనవేనని, తోటలోనే ఒక చిన్న పెంకుటిల్లు ఇస్తానని రాజుగారు మాటిచ్చారు. పాతికేళ్ళ నుంచీ అద్దె ఇళ్ళు మారుతున్న మనిషి. ఆయన భార్య అప్పుడే సామాను మూటలు కట్టడం మొదలెట్టారని ఆయనే నాతో చెప్పి నవ్వారు.

గుర్రాలు చెక్కే పని కొత్తపేట వీరాచారిది. రథాలు చేసిన చెయ్యి. అసలు కొలతకి పెద్ద ప్లాను కావాలన్నాడు. ఆ వారమే భీమేశ్వరరావు గారికి కళ్ళకలక వచ్చింది. రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి, రెప్ప ఎత్తలేకపోతున్నారు. రాజుగారేమో వ్యాపారం పనిమీద ఊళ్ళో లేరు.

"రత్నం గారూ, ఈ ఒక్క పనీ మీరు చేసిపెట్టాలండి. నా గీత మీకంటే ఎవరికి తెలుసండి?" అన్నారు భీమేశ్వరరావు గారు, తడిగుడ్డ కళ్ళకి అద్దుకుంటూ.

"ఆయ్, అదెంత పనండీ" అన్నాను.

మందపాటి గోధుమరంగు కాగితాలు అతికించి నేలమీద పరిచాను. పుస్తకం అట్టమీది రంగులరాట్నం బొమ్మే ఆధారం. కానీ పుస్తకంలో బొమ్మ చిన్నది, సిరా అక్కడక్కడా అలుక్కుంది. రాతిమీదైతే ప్రతి గీతా సూదితో గీసినంత స్పష్టంగా ఉంటుంది. అందుకని అరలోంచి ఆ అట్ట తాలూకు రాయి దించి, దానిమీంచి గళ్ళ లెక్కన కొలతలు తీసి, పెద్దది చేసి గీశాను. రెండు రోజుల పని. అయ్యాక కింద మూల అలవాటు ప్రకారం 'బొమ్మ: భీమేశ్వరరావు' అని రాశాను. మా ప్రెస్సులో ఏ బొమ్మకైనా గీసిన ఆయన పేరే ఉంటుంది, రాతి మనిషి పేరు ఉండదు. అది ఆనవాయితీ.

తోట తెరవడానికి వారం ముందు భీమేశ్వరరావు గారు కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. గుర్రాలు అప్పటికే రాట్నానికి బిగించి ఉన్నాయి. ఆయన వాటిచుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒక గుర్రం మెడమీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు.

"ప్లాను పుస్తకంలోంచి తీసేరా, రత్నం గారూ?" అని అడిగారు.

"లేదండి, రాతిమీంచే తీసేను. గీత శుభ్రంగా ఉంటుందని."

"అదీ సంగతి" అన్నారు. గుర్రం మెడ నిమిరి, "బాగా వచ్చేయండి. మీ చెయ్యి మంచిది" అన్నారు. నేను ఆ మెప్పుని తాంబూలంలా నోట్లో వేసుకుని ఇంటికి వెళ్ళాను.

తెరిచే రోజు ఉదయం అనుకోనిది ఒకటి జరిగింది. రాజుగారి అమ్మగారు డెబ్బై దాటిన మనిషి, చాదస్తం లేదుగానీ భక్తి ఉంది. "పసిపిల్లలు ఎక్కేది. నడుమ విఘ్నేశ్వరుడుంటే ఎవరికీ దెబ్బ తగలదు" అని తన పూజగదిలోని నల్లరాతి వినాయకుణ్ణి తెచ్చి, రాట్నం నడిమి స్తంభానికి కట్టిన పీటమీద పెట్టించారు. పూజారి గారొచ్చి పూజ చేశారు. అప్పటిదాకా అది ఒట్టి రాట్నం, ఎటు తిరిగినా ఒకటే. దేవుడు కూర్చున్నాక దానికి కుడీ ఎడమా వచ్చాయి. ఆ మాట అక్కడున్న వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

జనం తిమింగలం నోరు పట్టనంతగా వచ్చారు. రాజుగారి మనవరాలు అయిదేళ్ళ బుజ్జమ్మని మొదటి గుర్రమెక్కించారు. మిగతా వాటిమీద ఊరి పెద్దల పిల్లలు. ఇంజను స్టార్టు చేశారు, బెల్టు బిగిసింది, గుర్రాలు కదిలాయి. మొదటి చుట్టుకి చప్పట్లు కొట్టారు. రెండో చుట్టుకి పూజారి గారి చేతిలో హారతి పళ్ళెం కిందికి దిగింది.

"ఆపించండి బాబూ" అన్నారాయన మెల్లిగా. "స్వామి పిల్లలకి ఎడంచేతి వైపు వస్తున్నాడండి."

ఆ మెల్లని మాటే అందరికీ వినబడింది. గుడిలో ప్రదక్షిణం చేసే ఎవరికైనా దేవుడు కుడిచేతి వైపు ఉంటాడు. ఎడంవైపు పెట్టుకుని తిరిగేది ఒక్క చోటే, శ్మశానంలో చితి చుట్టూ. ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు, పిల్లలకి తప్ప అక్కడున్న అందరికీ తెలుసు. ఆడవాళ్ళు పరుగున వెళ్ళి తిరుగుతున్న గుర్రాల మీంచే పిల్లల్ని లాక్కోబోయారు.

వీరాచారి కంగారులో ఇంకో పని చేశాడు. ఇంజను ఆపించి బెల్టుని మెలితిప్పి తగిలించమన్నాడు. అలా తగిలిస్తే చక్రం ఎదురు తిరుగుతుంది. తిరిగింది. దేవుడు కుడిచేతికి వచ్చాడు, కానీ పన్నెండు గుర్రాలూ తోకలు ముందుపెట్టుకుని వెనక్కి నడవసాగాయి. వెనకెవరో కిసుక్కుమన్నారు. అంతమందిలో ఆ ఒక్క నవ్వు చెంపదెబ్బ కంటే ఘోరంగా వినబడింది. రాజుగారు చెయ్యెత్తారు. ఇంజను ఆగిపోయింది. బుజ్జమ్మ ఒక్కతే, ఆట ఆగిపోయిందని గుర్రం మెడ పట్టుకుని ఏడుస్తోంది.

"ప్లానెవరిదయ్యా?" అన్నారు రాజుగారు.

వీరాచారి సంచిలోంచి గోధుమరంగు కాగితం తీసి విప్పాడు. "నేను గీతకి వెంట్రుకవాసి తప్పలేదండి. చూసుకోండి" అని మూలనున్న పేరు మీద వేలు పెట్టాడు.

రాజుగారు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు. "భీమేశ్వరరావు గారూ, మా పసిదాని చేత చేయించవలసిన పనేనాండీ ఇది? ఇంక మీరు ఈ తోటలోకి రాకండి."

భీమేశ్వరరావు గారు నల్లద్దాలు తీశారు. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. ఆ కాగితం వైపు చూశారు, ఒక్కసారి నావైపు చూశారు. తరవాత చేతులు జోడించి, "తప్పయిందండి" అని తిమింగలం నోట్లోంచి బయటికి వెళ్ళిపోయారు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు. ఎందుకెత్తుతాను? ఉన్నది ఉన్నట్టు గీశానని నా ధీమా. ఇంటికెళ్ళి మా ఆవిడతో, "అయిదు కాళ్ళ గుర్రం గీసే మనిషి, కుడిఎడమలు చూసుకుంటాడా" అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మూడోరోజు రాజుగారి నుంచి కబురొచ్చింది. చుక్కల గుర్రం ఇంక అచ్చు వేయొద్దు, ఆ రాళ్ళన్నీ తుడిచెయ్యమని. రాయి తుడవడాన్ని గ్రెయినింగ్ అంటాం. రాతిమీద సన్నటి ఇసకా నీళ్ళూ పోసి, పైన ఇంకో రాయి పెట్టి గుండ్రంగా రుద్దితే పాత బొమ్మ అరిగిపోతుంది. ఒకసారి అరిగితే మళ్ళీ రాదు. ఆయన పదకొండు పుస్తకాల కష్టం నా చేతికింద ఒక పూట పని.

మొదట అట్ట రాయినే దించి బల్లమీద పెట్టాను. ఇసక చల్లాను. నీళ్ళచెంబు చేతిలోకి తీసుకుని, అలవాటుగా ఒకసారి బొమ్మవైపు చూశాను. గుర్రం కుడివైపు చూస్తోంది. తోటలో ఎదుట నిలబడితే దగ్గరగా కనబడే గుర్రమూ కుడివైపే చూస్తుంది. రాతిమీద గుర్రం, తోటలో గుర్రం ఒక్కలా ఉన్నాయి.

ఒక్కలా ఎందుకుంటాయి? ఉండకూడదు కదా.

చెంబు బల్లమీద పెట్టేశాను. ముందుగదిలోకి వెళ్ళి పుస్తకం ఒకటి తెచ్చి రాతి పక్కన పెట్టాను. పుస్తకంలో గుర్రం ఎడమవైపు చూస్తోంది. ఆ మనిషి సరిగ్గానే గీశాడు. ఆ గుర్రం నడిస్తే రాట్నం నడిమి స్తంభం కుడిచేతికే వస్తుంది. రాతిమీద తిరగేసింది నేను. ఆ తిరగేసినదాన్ని ఉన్నదున్నట్టు పెద్ద కాగితం మీదికి దింపి ఆచారి చేతికిచ్చింది నేను. అంతా చేసి కింద ఆయన పేరు రాసింది కూడా నేనే.

పద్దెనిమిదేళ్ళు రివర్స్ గీసిన మొనగాణ్ణి, రాయి తిరగేసి ఉంటుందన్న మొదటి పాఠమే మరిచిపోయాను. చల్లిన ఇసకని ఒక్క రేణువు మిగలకుండా మెత్తటి గుడ్డతో ఎత్తేశాను.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి కొత్తపేట వెళ్ళాను. భీమేశ్వరరావు గారు ఇంటిముందు ఒక రిక్షా వెనకరేకు మీద పేరు రాస్తున్నారు. అరుగుమీద కట్టిన మూటలు రెండు, సగం విప్పి ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను, రాతి సంగతి, పుస్తకం సంగతి అంతా. ఆయన కుంచె ఆపలేదు.

"తెలుసండి" అన్నారు.

"ఎప్పట్నుంచండీ?"

"గుర్రాల్ని చూసిన రోజునే. మీరు రాతిమీంచి తీసేనన్నప్పుడే. ఒట్టి రాట్నం కదా, ఎటు తిరిగితే ఏంటని ఊరుకున్నాను. పెద్దావిడ దేవుణ్ణి తెస్తారని నాకు మాత్రం తెలుసాండీ?"

"మరి ఆ రోజు అందరిముందూ ఎందుకు చెప్పలేదండీ? ఇల్లు పోయింది, పని పోయింది. నా పేరు ఒక్క మాట చెబితే..."

ఆయన అప్పుడు కుంచె ఆపారు. "నా గుర్రాలకి అయిదో కాలు ఎన్నిసార్లు తీసేసేరు రత్నం గారూ? చినిగిన చొక్కాలు ఎన్ని కుట్టేరు? అవన్నీ నా పేరుమీదే అచ్చయ్యేయి. మెప్పంతా నాకే వచ్చింది. అప్పుడు మీరు నోరెత్తేరా? మంచి నా పేరున రాసుకుని, చెడ్డ వచ్చేసరికి మీ పేరు చెబుతానాండీ?"

ఇంతకాలం ఆ మనిషికి పరాకనుకున్నాను. నేను సర్దిన ప్రతి గీతా ఆయనకి గుర్తుంది. సిగ్గుతో తల వంచుకుని, రిక్షా రేకుమీద సగం రాసిన పేరు చూస్తూ నిలబడ్డాను.

"ఏం చెయ్యబోతున్నారు?" అన్నారు ఆయన.

"రాజుగారికి చెబుతానండి."

"ఉద్యోగం పోతుందేమోనండి."

"పోతే పోతుందండి" అన్నాను. ధైర్యంగా అన్నాననుకునేరు. బస్సులో దారంతా ఇంటి ఖర్చులే కళ్ళముందు తిరిగాయి.

మర్నాడు ఆ రాయిని చేతిబండిలో గోనెసంచుల మధ్య పెట్టి రాజుగారి ఇంటికి తోసుకెళ్ళాను. మండువాలో దింపేసరికి ఒళ్ళంతా చెమట. అమ్మగారిని అడిగి చేతి అద్దం ఒకటి తెప్పించుకున్నాను. రాజుగారు పడక్కుర్చీలో ఉన్నారు. రాయి చూపించాను, పుస్తకం చూపించాను, తరవాత రాయికి ఎదురుగా అద్దం పట్టాను. రాతిమీద కుడివైపు చూస్తున్న గుర్రం అద్దంలో ఎడమవైపు తిరిగింది, అచ్చం పుస్తకంలోలాగే.

"ఆ తప్పు ఆయనది కాదండి. నాదండి" అన్నాను.

రాజుగారు లేచి వచ్చి ఆ అద్దంలోకి చూశారు, రాతివైపు చూశారు, మళ్ళీ అద్దంలోకి చూశారు.

"ఆయనకి తెలుసా?"

"తెలుసండి. ఆ రోజే తెలుసండి."

"తెలిసి తప్పయిందని దణ్ణం పెట్టేరా?" ఆయన కుర్చీలో కూలబడినట్టు కూర్చున్నారు. నావైపు కోపంగా చూసి, "పద్దెనిమిదేళ్ళ నుంచి చేస్తున్న పని. నీకు కుడేదో ఎడమేదో తెలీదటయ్యా?" అన్నారు.

"తెలీకుండా పోయిందండి. నా కంటికి తిరగేసిందే సరిగ్గా ఉందండి."

అమ్మగారు అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి వింటున్నారు. "వాణ్ణి తిట్టి ఏం లాభంరా? అడక్కుండా దేవుణ్ణి తెచ్చి నడుమ కూర్చోబెట్టింది నేను. కనుక్కోకుండా అంతమందిలో మాటన్నది నువ్వు. రత్నం వచ్చి చెప్పేడు, మరి మనమో?"

"గుర్రాలు తిప్పించేస్తానమ్మా" అన్నారు రాజుగారు.

కబురుపెడితే వచ్చిన వీరాచారి అడ్డంగా తల ఊపాడు. గుర్రాల్ని నిలబెట్టిన కర్రలు వాటి కడుపులోకి దిగేశాయి, తీస్తే పన్నెండూ చీలిపోతాయన్నాడు.

"గుర్రాలేం పాపం చేసేయి?" అన్నారు అమ్మగారు. "నా స్వామిని తీసి తిమింగలం దగ్గర గుమ్మంలో కూర్చోబెట్టండి. వచ్చేవాళ్ళు దణ్ణం పెట్టుకుని లోపలికెళ్తారు. నడుమ ఏం లేకపోతే ఎటు తిరిగితే ఏంటి? కానీ ఒకటి. మాట నలుగురిలో అన్నావు. నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి."

నా ఉద్యోగం పోలేదు. దానికంటే కష్టమైన పని పడింది. ఆ ఆదివారం తోటలో జనం ముందు, రాట్నం అరుగుమీద నిలబడి జరిగింది చెప్పాను. 'మీ రాత తిరగరాతా' అని ఒకడు ఎగతాళి చేశాడు, వాణ్ణి రాజుగారు చూసిన చూపుకి మళ్ళీ మాట్లాడలేదు. నేను దిగాక రాజుగారు అరుగెక్కారు. ఎక్కువ మాట్లాడలేదు. జనం వెనక నిలబడ్డ భీమేశ్వరరావు గారి దగ్గరికి నడిచి వెళ్ళి, "నాదే తొందరపాటండి. రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

బుజ్జమ్మ అప్పటికే మొదటి గుర్రమెక్కి కూర్చుంది. రెండో గుర్రమెక్కించారు ఆయన్ని. యాభై ఏళ్ళ మనిషి, పంచె సర్దుకుంటూ, నల్లద్దాలు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుంటూ. ఇంజను స్టార్టయింది. గుర్రాలు మొదటి రోజులాగే నడిమి స్తంభాన్ని ఎడంచేతి వైపు పెట్టుకుని తిరిగాయి. ఈసారి ఎవరూ ఆపమనలేదు. మూడో చుట్టుకి ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. కళ్ళకలక ఇంకా తగ్గలేదన్నారు తరవాత. నేను నమ్మలేదు.

ఆ నెలాఖరుకి ఆయన మూటలు కొత్తపేట నుంచి తోటలోని పెంకుటింటికి వచ్చాయి. చుక్కల గుర్రం రాళ్ళు ఒక్కటీ అరగలేదు. నేను రాళ్ళగదిలో గోడకి ఒక అద్దం తగిలించాను. ఆ తరవాత ఎంత చిన్న కాగితమైనా సరే, ఇంకొకరి చేతికి ఇచ్చేముందు అద్దంలో చూసే ఇచ్చేవాణ్ణి. చెయ్యి తిరిగిన పనివాడికి అందరికంటే ఎక్కువ అవసరమైనది ఆ అద్దమేనని తెలిసింది. తెలియనివాడు అడిగి చేస్తాడు. నాలాంటివాడు అడగడు.

కానీ ఆ గొడవ నాకు నేర్పింది ఆ ఒక్కటే కాదు. పన్నెండో పుస్తకానికి అట్ట బొమ్మ తెచ్చి ఇచ్చారు భీమేశ్వరరావు గారు. గుర్రానికి నాలుగే కాళ్ళున్నాయి, నేనే ఆశ్చర్యపోయాను. కింద మూల ఎప్పటిలా 'బొమ్మ: భీమేశ్వరరావు' అని ఉంది. దాని కింద ఇంకో వరస ఉంది. 'రాయి: వెంకటరత్నం'.

"ఇది ఆనవాయితీ కాదండి" అన్నాను.

"మంచైనా చెడ్డైనా ఎవరిది వాళ్ళ పేరునే ఉండాలండి. లేకపోతే మళ్ళీ ఇదే గొడవ" అని ఆయన వెళ్ళిపోయారు.

అన్నేళ్ళలో ఎంతమంది పేర్లో తిరగేసి రాశాను. పెళ్ళికొడుకుల పేర్లు, నాటకం వేసేవాళ్ళ పేర్లు, నూనె డబ్బాల మీద పేర్లు. నా పేరు నేను రాతిమీద రాయడం అదే మొదటిసారి. ఏ అక్షరం ఎటు తిరగాలో నాకు గుర్తుకు రాలేదు. లేచి గోడమీది అద్దం తెచ్చి పక్కన పెట్టుకుని, పనిలో చేరిన రోజు కుర్రాడిలా, ఒక్కో అక్షరమే చూసుకుంటూ రాశాను.